కోషర్ కూర ఖరీదు మాంసంలో లేదు
కేంద్ర పర్యాటక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,



సైనిక సేవ ముగించుకున్న ఇజ్రాయెలీ యువత ఏటా మన దేశానికి వేల సంఖ్యలో వస్తుంది. గోవా తీరంలో, హిమాచల్‌లోని కసోల్, ధరమ్‌కోట్‌లలో, రాజస్థాన్‌లోని పుష్కర్‌లో హీబ్రూలో రాసిన బోర్డులు కనిపిస్తాయంటే కారణం వాళ్లే. కొచ్చి మట్టంచేరిలో 1568 నాటి పరదేశి సినగాగును (యూదుల ప్రార్థనా మందిరాన్ని), ముంబై కాలాఘోడాలో 1884 నాటి కెనెసెత్ ఎలియాహూను చూడటానికి అమెరికా నుంచి, యూరప్ నుంచి యూదు కుటుంబాలు కూడా వస్తుంటాయి. వీరందరూ కోషర్ అనే యూదు ఆహార నియమం పాటించరు. పాటించేవారికి మాత్రం గుడులూ కోటలూ కొండలూ అన్నీ అందుబాటులో ఉన్న ఈ దేశంలో ఒకటి అందదు: జేబుకు భారం కాని ఒక పూట మాంసం భోజనం. ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టి వారికి మాంసం వండి పెట్టాలని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. కోషర్ మాంసం ఖరీదు మాంసంలో లేదు, నమ్మకాన్ని దూరం నుంచి మోసుకురావడంలో ఉంది. ఆ దూరాన్ని తగ్గించడం మీ శాఖ పూనుకుంటే జరిగే పని. నేను చెప్పదలుచుకున్నది అంతే.

కోషర్ అంటే ఏమిటో ముందు స్పష్టం చేసుకుందాం. తెలుగు బైబిల్ చదివినవారికి లేవీయకాండము పదకొండో అధ్యాయం, ద్వితీయోపదేశకాండము పద్నాలుగో అధ్యాయం తెలిసే ఉంటాయి. డెక్క చీలి, నెమరువేసే జంతువు తినదగినది. అంటే మేక, గొర్రె, ఆవు సరే. పంది, ఒంటె, కుందేలు కావు. పక్షుల్లో కోడి సంప్రదాయంగా తినదగినదే. కానీ జంతువు సరైనదైతే చాలదు. శాస్త్రం చదివి, పరీక్షలో నెగ్గిన షోహెట్ అనే వ్యక్తే దాన్ని కోయాలి. అతని కత్తి అంచులో గోటికి తగిలే పాటి నొక్కు కూడా ఉండకూడదు. కోతకు ముందూ తర్వాతా గోటితో అంచు తడిమి చూస్తాడు. కోత మధ్యలో ఆగకూడదు, కత్తిని అదిమి నొక్కకూడదు, చర్మం కింద దూర్చకూడదు, నిర్ణీత స్థలం దాటకూడదు, గొంతు చినగకూడదు. ఈ ఐదింటిలో ఏది తప్పినా ఆ మాంసం పనికిరాదు. మేక, గొర్రె, ఆవు అయితే ఊపిరితిత్తులు తడిమి, లోపం కనిపిస్తే పక్కన పెడతారు. ఊపిరితిత్తి నునుపుగా ఉంటే దాన్ని గ్లాట్ అంటారు. యిద్దిష్ భాషలో ఆ మాటకు అర్థమే నునుపు. వెనక భాగంలో తుంటి నరం, కొన్ని కొవ్వు పొరలు తీసేయాలి. అది చాలా నైపుణ్యంతో కూడిన పని కాబట్టి ఇజ్రాయెల్ బయట చాలాచోట్ల వెనక భాగాన్నే ఇతరులకు అమ్మేస్తారు. మిగిలిన మాంసాన్ని అరగంట నీళ్లలో నానబెట్టి, గంటసేపు ఉప్పులో ఉంచి, మూడుసార్లు కడిగి రక్తం పోగొడతారు. ఆ తర్వాత కూడా పాలు, పెరుగు, నెయ్యి తగలని వేరే గిన్నెల్లోనే వండాలి.

ఇప్పుడు డబ్బు లెక్కకు వద్దాం. మేక సంతలో మేక ధర అందరికీ ఒకటే. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. షోహెట్ వేరే ఊరి నుంచో వేరే దేశం నుంచో రావాలంటే ప్రయాణం, బస, ఆ రోజు జీతం ఉంటాయి. పరీక్షలో తప్పిన జంతువును కొనేవాడు అక్కడే లేకపోతే ఆ నష్టం మిగిలిన మాంసం మీద పడుతుంది. వేరే వంటగది, వేరే గిన్నెలు, పొయ్యి దగ్గర నిలబడి చూసే మష్గియాహ్ అనే పర్యవేక్షకుడు ఉండాలి. వీటిలో ఎక్కువ భాగం ప్లేట్ల సంఖ్యతో పాటు పెరిగేది కాదు. ఇరవై మందికి వండినా, రెండు వందల మందికి వండినా పర్యవేక్షకుడు ఒక్కడే. ఒకే ఖర్చును ఇరవై ప్లేట్లకు పంచితే ఒక్కో ప్లేటు మీద పడే భారం, రెండు వందలకు పంచినప్పటికంటే పది రెట్లు. దీనికి తోడు యూదుల ధర్మశాస్త్ర గ్రంథమైన తల్ముద్‌లో ఒక నియమం ఉంది: యూదుల కంటికి దూరంగా ప్రయాణించే మాంసానికి ఒకటి కాదు, రెండు ముద్రలు ఉండాలి. విమానాల్లో కోషర్ భోజనం రెండు పొరల సీలుతో వచ్చేది అందుకే. ఎంత దూరం నుంచి వస్తే అంత చలవ, అంత కాపలా, అంత కాగితం పని. ఆ మొత్తం ఖర్చును చివరికి ప్రయాణికుడే భరిస్తాడు.

నమ్మకం దగ్గరగా ఉన్నచోట ధర ఎలా దిగివస్తుందో ప్రపంచంలో చూడవచ్చు. బ్యూనస్ ఎయిరిస్‌లోని అబాస్తో షాపింగ్ మాల్‌లో మెక్‌డొనాల్డ్స్‌కు ఒక కోషర్ శాఖ ఉంది. అక్కడ కోషర్ మాంసం పెద్దింటి విందు కాదు, మధ్యాహ్నం ఆకలేస్తే తినే సాధారణ తిండి. పారిస్‌లో మారే ప్రాంతపు రోజియే వీధిలోనూ అంతే. ఆ ఊళ్లలో పెద్ద యూదు సమాజం ఉంది కాబట్టి షోహెట్, వంటగది, కొనేవారు ఒకే ఊళ్లో ఉంటారు. సమాజం చిన్నదైన చోట మనుషులే ప్రయాణిస్తారు. ఇజ్రాయెల్‌కు మాంసం పంపే ఉరుగ్వే కబేళాలకు షోహెట్‌ల బృందాలు వెళ్లి, నెలల తరబడి అక్కడే ఉండి పని చేస్తాయి. దీనికి ఎదురు ఉదాహరణ స్విట్జర్లాండ్. 1893లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా, స్పృహ తప్పించకుండా పశువులను కోయడాన్ని ఆ దేశం నిషేధించింది. అప్పటి నుంచి అక్కడి యూదులు పశుమాంసానికి దిగుమతి మీద ఆధారపడుతున్నారు. వారి నియమం మారలేదు, మాంసం వచ్చే దారి మాత్రం పొడవైంది.

మన దేశం ఈ రెండు చివరల మధ్య ఉంది. ఆవు మాంసం చాలా రాష్ట్రాల్లో నిషిద్ధం, దిగుమతికీ వీల్లేదు. ఇతర మాంసాన్ని తెప్పించాలంటే అనుమతులూ సుంకాలూ దాటాలి. కాబట్టి ఇక్కడ కోషర్ మాంసం అంటే ఎక్కువగా ఇక్కడే కోసిన కోడి, మేక, గొర్రె. ప్రయాణికులకు అది దొరికే చోటు చాలావరకు చాబాద్ అనే యూదు మత సంస్థకు చెందిన చాబాద్ హౌస్‌లే. వాటిని నడిపే రబ్బీ (యూదు మతగురువు) కుటుంబాలు విరాళాల మీద ఆధారపడి, శుక్రవారం రాత్రి సబ్బాతు భోజనం పెడుతుంటాయి. ముంబైలో అలాంటి ఇల్లు నారిమన్ హౌస్. 2008 నవంబర్ 26న మొదలైన ఉగ్రదాడిలో ఆ ఇంటిని నడిపిన గావ్రియెల్, రివ్కా హోల్ట్జ్‌బర్గ్ దంపతులను వారి అతిథులతో సహా చంపేశారు. ఆ అతిథుల్లో కోషర్ పర్యవేక్షణ పని మీద భారత్ వచ్చినవారు కూడా ఉన్నారు. పరాయి దేశంలో సాటివారికి నమ్మకమైన తిండి అందేలా చూడటం కోసం వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఇంట్లో మళ్లీ పొయ్యి వెలిగింది. కానీ ఒక దేశపు ఆతిథ్యం ఎప్పటికీ కొన్ని కుటుంబాల త్యాగం మీదే నడవకూడదు.

మనకు చేతకాని పని కూడా కాదు ఇది. మన సుగంధ ద్రవ్యాలు, టీ, ఆహార పరిశ్రమల ముడిసరుకులు ఎగుమతి చేసే కంపెనీలు ఎన్నో ఏళ్లుగా కోషర్ ధ్రువీకరణ తీసుకుంటున్నాయి. పర్యవేక్షకులు మన కర్మాగారాలకు వచ్చి, యంత్రాలు చూసి, సంతకం పెట్టి వెళ్తున్నారు. అంటే అమెరికాలోని యూదుడి వంటింటికి నమ్మకాన్ని సీలు వేసి పంపగలుగుతున్నాం. ఆయనే మన దేశం వస్తే ఆ నమ్మకంతో ఒక ప్లేటు కూర పెట్టలేకపోతున్నాం. సరుకుకూ కొదవలేదు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, దాదాపు 1 కోటి 90 లక్షలు. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. కోడి విషయంలో మన షాపుల అలవాటు ఒకటి ఈ నియమానికి బాగా కలిసివస్తుంది. ఉప్పు వేసి రక్తం తీయకముందు కోడిని వేడినీళ్లలో ముంచకూడదు. అందుకే విదేశాల్లో కోషర్ కోడి ఈకలు చన్నీళ్లలో పీకడానికి శ్రమ, ఖర్చు ఎక్కువ. మన దగ్గర తోలును ఈకలతో సహా ఒలిచేస్తారు కాబట్టి ఆ ఖర్చు అసలు ఉండదు. పైగా కోడికి మేకకు చేసినట్టు ఊపిరితిత్తుల పరీక్ష చేయరు, తుంటి నరం నిషేధం పక్షులకు వర్తించదు. చవకైన కోషర్ భోజనం కోడితో మొదలుపెట్టాలన్నది ఇందుకే.

అతిథి నియమం కోసం కోత పద్ధతి మార్చుకోవడం మన పల్లెలకు కొత్త కాదు. తెలంగాణ పల్లెల్లో హిందూ కుటుంబాలు కూడా విందుకు యాటను కోసేటప్పుడు ముల్లాను పిలిపించి హలాల్ చేయించే ఆనవాయితీ ఉంది. ఎందుకని? పిలిచిన ముస్లిం స్నేహితుడు పంక్తిలో కూర్చుని, అనుమానం లేకుండా తినాలని. దానివల్ల ఆ ఇంటివారి మతం మారలేదు, కూర రుచి తగ్గలేదు, ఖర్చు పెద్దగా పెరగలేదు. పెరిగింది పంక్తి పొడవు. ముల్లా ఊళ్లోనే ఉండటం వల్ల అది చవకగా జరిగింది. హైదరాబాద్ నుంచి పిలిపించవలసి వస్తే ఎంతమంది పిలిపించేవారు? నేను చెబుతున్న దూరం లెక్క ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

ఇక అభ్యంతరాలు. మొదటిది అందరికీ తట్టేదే: శాకాహారానికి పుట్టిల్లు లాంటి ఈ దేశానికి వచ్చి మాంసమే కావాలనడం ఎందుకు, ఇడ్లీ సాంబారు తినవచ్చు కదా? చాలామంది నిజంగానే అలాగే గడుపుతున్నారు. పండ్లు, కొబ్బరికాయ, పాలు కలపని టీ వారికి ఇబ్బంది లేనివి. అయితే శాకాహారమైనంత మాత్రాన కోషర్ అయిపోదు. ఆకుకూరల్లో పురుగులుంటే నిషిద్ధం. పన్నీరు, చీజ్ తయారీకి ప్రత్యేక నియమాలున్నాయి. మాంసం వండిన గిన్నెలో వండిన పప్పు పనికిరాదు. వంటలో యూదుల చెయ్యి కొంతైనా ఉండాలన్న నియమమూ ఉంది. కాబట్టి నేను అడిగే ఏర్పాటులో సగం శాకాహార భోజనానికీ ఉపయోగపడుతుంది. మిగతా సగం మాంసానిదే, దాన్ని దాచవలసిన పని లేదు. సబ్బాతు రాత్రి, పండుగ రోజు మాంసం వండుకోవడం ఆ సంప్రదాయంలో వేడుకలో భాగం. సంక్రాంతికి ఇంటికొచ్చిన చుట్టానికి పెరుగన్నం పెట్టి బతకడానికి ఇది చాలు కదా అనం. చాలినంత పెట్టడం వేరు, మనసుకు నచ్చింది పెట్టడం వేరు.

రెండో అభ్యంతరం బరువైనది: స్పృహ తప్పించకుండా కోయడం జంతువుకు బాధ కాదా? బాధ లేదని నేను వాదించను. యూరప్ పశువైద్యుల సమాఖ్య ఈ పద్ధతిని వ్యతిరేకిస్తోంది. బెల్జియంలో ఫ్లాండర్స్ ప్రాంతం 2019లో దీన్ని నిషేధిస్తే, 2020 డిసెంబర్‌లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఆ చట్టాన్ని సమర్థించింది. 2024లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం కూడా అందులో మత స్వేచ్ఛకు భంగం లేదంది. ఇవి కొట్టిపారేయదగిన మాటలు కావు. కానీ ఆ తీర్పులు స్పృహ తప్పించి కోయడం సర్వసాధారణమైన దేశాలవి. మన వీధి చివర చికెన్ షాపులో ఏ కోడికీ స్పృహ తప్పించరు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 28వ సెక్షన్ ఏ మతస్థులైనా తమ మతం కోరిన రీతిలో జంతువును చంపడాన్ని నేరం కాదంటోంది. ఈ స్థితిలో కోషర్ కోతకు ఒక్కదానికే తలుపు మూస్తే ఒక్క కోడి బాధ కూడా తగ్గదు. తలుపు తెరిచి, దానికి షరతులు పెడితే తగ్గవచ్చు. పశువైద్యుడు దగ్గరుండాలి, జంతువును తలకిందులుగా వేలాడదీయకూడదు, ఒక జంతువు కళ్ల ముందు మరొకదాన్ని కోయకూడదు, కత్తి పరీక్షించాకే మరో కోత. నొక్కు లేని కత్తిని ప్రతిసారీ తడిమి చూసే మనిషి మన కబేళాలకు అడుగుపెడితే, ఆ క్రమశిక్షణ నుంచి మిగతావారు నేర్చుకునేదే ఎక్కువ.

మూడో అభ్యంతరం మన చరిత్ర తెలిసిన తెలుగు పాఠకుడికి తప్పక తడుతుంది. వండింది ఎవరు, గిన్నె ఎవరిది అని అడగడం మనం వదిలించుకోవాలనుకుంటున్న అంటరానితనం లాంటిదే కదా? ఆ అనుమానం గౌరవించదగినది. పరాయివారి వంట మీద ఆంక్షకు పూర్వం ఒక కారణం, ఇతరులతో పెళ్లి సంబంధాల దాకా వెళ్లే కలగలుపును తగ్గించడం. దాన్ని దాచడం నిజాయితీ కాదు. అయినా కులపు అంటుకూ దీనికీ ఒక తేడా ఉంది. ఈ నియమం పాటించేవాడినే కట్టిపడేస్తుంది. ఎదుటివాణ్ణి గుమ్మం బయట నిలబెట్టదు. కోషర్ వంటగదుల్లో యూదులు కాని వంటవాళ్లు లోకమంతటా పని చేస్తున్నారు. పర్యవేక్షకుడు పొయ్యి వెలిగించి, సరుకు చూస్తే చాలాచోట్ల సరిపోతుంది. కోషర్ హోటల్లో ఎవరైనా కూర్చుని తినవచ్చు. ప్రభుత్వం సహకారం ఇచ్చేటప్పుడు దాన్నే షరతుగా రాయవచ్చు: వంట ఉద్యోగానికీ, భోజనానికీ పుట్టుక అడ్డు కాకూడదు.

నాలుగోది: లౌకిక రాజ్యం ఒక మతం తిండికి సాయం చేయవచ్చా, పైగా పశ్చిమాసియాలో జరుగుతున్నవి చూస్తూ? రెండు ప్రశ్నలకూ జవాబుంది. ఏది కోషర్ అని తేల్చే అధికారం రబ్బీలది, ప్రభుత్వం ఆ జోలికి వెళ్లనక్కర్లేదు. తినేవారి నియమాన్ని గౌరవించి, మోసం జరగకుండా చూడటం మాత్రం మన రాజ్యం ఇప్పటికే చేస్తున్న పని. ప్యాకెట్ మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు గుర్తు 2001 నుంచి చట్టం కోరుతున్నవే కదా. కోషర్‌కు ఇచ్చే వెసులుబాటు హలాల్‌కూ జైన భోజనానికీ అదే షరతులతో ఇవ్వండి, ఎవరికీ ప్రత్యేకం అనిపించదు. ఇక రాజకీయం. గాజా గురించి ఎవరికి ఏ ఆవేదన ఉన్నా దాన్ని ఇజ్రాయెల్ ప్రభుత్వం ముందు పెట్టాలి. సీలు విప్పి భోజనం చేసే ఫ్రెంచి వృద్ధురాలి ముందు కాదు, అర్జెంటీనా విద్యార్థి ముందు కాదు. ఈ నియమం నేటి ఏ ప్రభుత్వం కంటే, ఏ సరిహద్దు కంటే ఎన్నో శతాబ్దాలు పాతది. అతిథి పళ్లాన్ని చూసి అతని దేశపు విదేశాంగ విధానానికి శిక్ష వేయడం మన మర్యాద కాదు.

చివరిది అధికారులు తరచూ చెప్పే మాట: ఇంత కొద్దిమంది కోసం ఇంత పనా, గిరాకీ ఉంటే మార్కెట్టే చూసుకుంటుంది కదా? గిరాకీ కొద్దిగా, చెదురుగా ఉన్నచోటే మార్కెట్ చేతులెత్తేస్తుంది. ధర ఎక్కువ కాబట్టి కొనేవారు తక్కువ, కొనేవారు తక్కువ కాబట్టి ధర ఎక్కువ. ఈ చుట్టు తిరుగుడును తెంచడానికి సబ్సిడీ అక్కర్లేదు, చెదిరిన గిరాకీని ఒక చోట కలిపితే చాలు. నా సూచనలు నాలుగు, ఏదీ ఖజానాకు బరువు కాదు. మొదటిది, కబేళాలు మునిసిపాలిటీల చేతిలో, రాష్ట్రాల పరిధిలో ఉన్నాయి కాబట్టి మీ శాఖ వారిని ఒప్పించి, ఢిల్లీ, ముంబై, గోవా, కొచ్చిలలో ఆధునిక కబేళాలో కోషర్ కోతకు వారంలో ఒక ఉదయం కేటాయించేలా చూడాలి. పరీక్షలో తప్పినవాటిని మామూలు వ్యాపారి అక్కడే కొంటాడు, ఆ నష్టం మాయమవుతుంది. రెండోది, షోహెట్‌లూ పర్యవేక్షకులూ ఏ వీసా మీద రావాలో, ఎన్నాళ్లు ఉండవచ్చో ఒక్క పేజీలో తేల్చి చెప్పే మార్గదర్శకం. మూడోది, ఒక కేంద్ర వంటగదిలో వండి, రెండు ముద్రలు వేసి, చలవలో పంపే భోజనానికి ఆహార భద్రత లైసెన్సులో స్పష్టమైన దారి. ఆ డబ్బాను విప్పకుండా వేడి చేసి ఇవ్వడం హోటళ్లకూ విమానాశ్రయాలకూ కష్టం కాదు. నాలుగోది, ఎక్కడ ఏ భోజనం ఏ ధరకు దొరుకుతుందో, ఎవరి పర్యవేక్షణలో వండారో మీ శాఖ సమాచారంలో చేర్చడం. ధర బయటపెడితే అడ్డగోలుగా పెరగదు. సబ్బాతు నాడు ప్రయాణికుడు డబ్బు ముట్టడు కాబట్టి ముందే చెల్లించే వీలూ ఉండాలి.

వంట సంగతికి వస్తే మనకు దిగుమతి అవసరమే లేదు. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు, కొచ్చి యూదులు పాలకూ మాంసానికీ పొత్తు కూడదన్న నియమాన్ని కొబ్బరిపాలతో ఎప్పుడో దాటేశారు. పెరుగులో ఊరవేసే హైదరాబాదీ బిర్యానీ ఈ నియమానికి సరిపడదు; నూనెలో మగ్గిన గోంగూర మాంసం, గసగసాల కోడికూర ఇబ్బంది లేకుండా సరిపోతాయి. నమ్మకమైన మాంసం, శుభ్రమైన గిన్నె, చూసే మనిషి ఉంటే చాలు, అతిథి మన మసాలా రుచి మన దగ్గరే చూస్తాడు. కొత్తరెడ్డిపాలెం లాంటి చోట్ల కూడా దీని మేలు తెలుస్తుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి ఆ ఊళ్లో తమను బైబిల్‌లోని ఎఫ్రాయిము గోత్రపు సంతతిగా చెప్పుకునే తెలుగు కుటుంబాలు కొన్ని యూదు సంప్రదాయాన్ని పాటిస్తున్నాయి. రబ్బీల ఆమోదంతో ఇక్కడి యువకులు షోహెట్ విద్య నేర్చి, ఇక్కడే ఉండి పని చేస్తే, మన యూదులకు ఉపాధి, బయటి యూదులకు భోజనం. పరదేశం నుంచి మనిషిని తెచ్చే ఖర్చు అప్పుడు పూర్తిగా పోతుంది. దూరాన్ని తగ్గించే దారుల్లో అన్నిటికంటే మన్నికైనది ఇదే.

మంత్రి గారూ, మీ శాఖ 2002 నుంచి ఇన్‌క్రెడిబుల్ ఇండియా పేరుతో లోకాన్ని పిలుస్తోంది, అతిథిని దేవుడితో పోలుస్తూ ప్రచారమూ చేసింది. పిలుపు అందుకుని వచ్చినవారిలో కొందరు మన ఊళ్లన్నీ చూసి, మన ఇళ్లను మెచ్చుకుని, పూట వచ్చేసరికి సంచిలోంచి డబ్బా తీసుకుని పక్కకు వెళ్లి తింటున్నారు. వారి నియమం వారిది, దాన్ని మార్చమనే హక్కు మనకు లేదు. ముల్లాను పిలిపించి పంక్తి పొడవు పెంచిన పల్లెటూరి పెద్దకు ఈ మాట ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ పెద్దరికం ఇప్పుడు మీ చేతిలో ఉంది. వారంలో ఒక ఉదయం ఒక కబేళాలో కాస్త చోటు ఇప్పించండి. అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇట్లు,
ఒక తెలుగు రచయిత